గుడి గంట, బడి గంట

హైదరాబాదు పాతబస్తీ లాడ్ బజార్‌లో నమాజు వేళ తెలుసుకోవడానికి ఎవరూ గడియారం చూడరు. మక్కా మసీదు నుంచి అజాన్ వినపడగానే గల్లా దగ్గరి పెద్దాయన గాజుల మీద ఓ గుడ్డ కప్పి లేస్తాడు. బేరం సగంలో ఉన్నా సరే, కూర్చోండమ్మా, ఇప్పుడే వస్తానంటాడు. కొనడానికి వచ్చినవాళ్లూ ఏమీ అనుకోరు. కుర్రాడెవడో చాయ్ తెచ్చిపెడతాడు. రోజుకు ఐదుసార్లు ప్రార్థన ఈ వీధి పనిలోకి వచ్చి పోతూ ఉంటుంది. దానివల్ల వ్యాపారం చెడిందన్నవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

ఇక్కణ్నుంచి మూసీ దాటి గన్‌ఫౌండ్రీ దాకా వెళితే సెయింట్ జోసెఫ్ కథీడ్రల్, ఆ చుట్టుపక్కలే రోజరీ కాన్వెంట్, ఆల్ సెయింట్స్ బడి కనపడతాయి. మఠాల గోడల వెనక కూడా రోజుకు నాలుగైదుసార్లు, వేళ తప్పకుండా, ప్రార్థన జరుగుతుంది. కాకపోతే అది ఊరికి తెలియదు. మనకు కాన్వెంటంటే బడి. పిల్ల అడ్మిషన్ కోసం ఆ గేటు ముందు నిలబడ్డ తల్లిదండ్రుల్లో ఎంతమందికి తెలుసు, లోపల ఒక చిన్న ప్రార్థనామందిరం ఉందనీ, తెల్లారకముందే అందులో దీపం వెలుగుతుందనీ? సిస్టరమ్మ అంటే వాళ్లకు హెడ్‌మిస్ట్రెస్. ఆమె తనను తాను మొదట అలా అనుకోదు. అనుకోకూడదన్నది ఆమె తీసుకున్న వ్రతం.

కతోలిక మఠ సంఘాల్లో ప్రార్థన స్థానం ఏమిటి, అది కాలంతోపాటు ఎలా మారింది, మన తెలుగు నేల మీద దాని గతి ఏమైంది అన్నదే ఈ సమీక్ష. నేను ఎటువైపు ఉన్నానో ముందే చెబుతాను. మఠంలో ప్రార్థన పనికి అలంకారం కాదు, పనికి ముందు పట్టే హారతి అంతకన్నా కాదు. కొంతమందిని ఒక కప్పు కింద సంఘంగా నిలబెట్టేదే అది. మన దగ్గర మాత్రం బడీ ఆసుపత్రీ దాన్ని మూలకు నెట్టాయి. మఠాలు ఆ సంగతి ఒప్పుకోవడానికి మొహమాటపడుతున్నాయి.

పాతబస్తీకి కతోలిక సన్యాసుల రాకపోకలు కొత్త కాదు. గోల్కొండ వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే తన యాత్రాగ్రంథంలో ఒక కపూచిన్ సన్యాసి సంగతి రాశాడు. ఆయన పేరు ఫాదర్ ఎఫ్రేమ్ ద నెవెర్. బర్మాలోని పెగూకు పోతూ దారిలో భాగ్‌నగర్‌లో, అంటే హైదరాబాదులో, ఆగాడు. కుతుబ్‌షాహీ రాజుగారి అల్లుడికి ఆయన మీద గురి కుదిరి, ఇక్కడే ఉండిపొమ్మన్నాడట, ఇల్లూ గుడీ కట్టిస్తానన్నాడట. ఎఫ్రేమ్ ఒప్పుకోలేదు. మచిలీపట్నం మీదుగా వెళ్లి 1642లో మద్రాసులో కుదురుకున్నాడు. ఆయన సరేనని ఉంటే చార్మినార్ నీడలో ఒక మఠం వెలిసి ఉండేదేమో. ఇప్పుడు లాడ్ బజార్‌లో వెతికితే మఠం లేదు, గాజులున్నాయి.

ఇక విషయానికి వద్దాం. మఠ సంఘం అంటే బ్రహ్మచర్యం, పేదరికం, విధేయత అనే మూడు వ్రతాలు పట్టి కలిసి బతికేవాళ్లు. ఇలాంటివాళ్లు మనదేశంలో లక్ష దాటారు, వాళ్లలో ఎక్కువమంది స్త్రీలే. 1983లో వచ్చిన కతోలిక శ్రీసభ చట్టం 608వ సూత్రం ప్రకారం ప్రతి మఠంలోనూ దివ్యసత్‌ప్రసాదం ఉంచిన ప్రార్థనామందిరం ఉండాలి, సంఘానికి అది కేంద్రం కావాలి. 663వ సూత్రం మరీ సూటిగా ఉంటుంది. దైవధ్యానం, దేవునితో నిరంతర ఐక్యం మఠవాసుల మొట్టమొదటి బాధ్యత అంటుంది. ఆ తర్వాత చిట్టా చదువుతుంది: వీలైనంతవరకు రోజూ దివ్యబలిపూజ, బైబిలు పఠనం, మౌనధ్యానం, వేళల ప్రార్థన, జపమాల, ఏటా ఒకసారి వడకం, అంటే కొన్నాళ్ల ఏకాంత ధ్యానం. చట్టం చదివితే మఠంలో ఇంకే పనికీ తీరిక ఉండదేమో అనిపిస్తుంది. మఠం చూస్తే ప్రార్థనకే తీరిక ఉండదేమో అనిపిస్తుంది.

సగటు కాన్వెంటులో రోజు ఇలా గడుస్తుంది. ఐదింటికల్లా లేవడం. అరగంట మౌనధ్యానం, ఉదయ ప్రార్థన, పూజ. ఫలహారం గబగబా ముగించి ఎనిమిదింటికి బడి గంట. మధ్యాహ్నం భోజనానికి ముందు రెండు నిమిషాల ఆత్మపరిశీలన. బడి వదిలాక లెక్కలు, ఫోన్లు, తల్లిదండ్రుల ఫిర్యాదులు. చీకటి పడ్డాక జపమాల, కొన్ని చోట్ల సత్‌ప్రసాద ఆరాధన, సాయంకాల ప్రార్థన, భోజనం, కాసేపు కబుర్లు, పడుకోబోయే ముందు రాత్రి ప్రార్థన. కాగితం మీద నిండుగానే ఉంటుంది. పరీక్షల కాలంలో, అడ్మిషన్ల కాలంలో ఈ వరసలోంచి ముందు రాలిపోయేది ఏదో ఎవరైనా ఊహించగలరు.

వేళల ప్రార్థన జరిగే తీరు కాస్త దగ్గరగా చూడాలి. సంఘం రెండు పక్షాలుగా ఎదురెదురుగా కూర్చుంటుంది. దావీదు కీర్తనలో ఒక చరణం ఈ పక్షం, మరో చరణం ఆ పక్షం. పుస్తకంలో చరణం మధ్య ఒక చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది. అక్కడ అందరూ ఒక్క శ్వాస ఆగాలి. కొత్తగా చేరిన అమ్మాయి ఆగదు, ఆమె గొంతు ఒక్కటే ముందుకు దూకి వినపడుతుంది, సిగ్గుపడి సర్దుకుంటుంది. పెద్దావిడ ఒకరు లాగి లాగి చదువుతుంది, మిగతావాళ్లు ఆమె కోసం నెమ్మదిస్తారు. ఒక సంఘంలో మనుషులు ఒకరికోసం ఒకరు ఆగుతున్నారో లేదో ఆ నక్షత్రం దగ్గర తెలిసిపోతుంది. పొద్దున వంటింట్లో మాటామాటా అనుకున్న ఇద్దరు సాయంత్రం అక్కడ ఒకే శ్వాసలో ఆగాల్సి వస్తుంది. ప్రేమ వల్ల కాకపోయినా నియమం వల్ల ఆగుతారు. నా లెక్కలో అదీ తక్కువేం కాదు. ఎవరి గదిలో వాళ్లు చేసుకునే ధ్యానం ఎంత లోతైనదైనా ఈ పని చేయలేదు.

దీని చరిత్ర నాలుగో శతాబ్దం ఈజిప్టు ఎడారిలో మొదలవుతుంది. పకోమియస్ అనే ఆయన ఏకాంత సన్యాసుల్ని కూడగట్టి సంఘంగా బతకడం నేర్పాడు. వాళ్లు తాటాకులతో చాపలు, బుట్టలు అల్లుతూనే కీర్తనలు వల్లించేవాళ్లు. చేతికో పని, నోటికో పని. పాతబస్తీ గాజుల కార్ఖానాల్లో వేలు లక్క మీద, పెదవి దైవనామం మీద పెట్టుకుని పనిచేసే ముసలివాళ్లను చూసినవాళ్లకు ఇది వింతేమీ కాదు.

ఆరో శతాబ్దంలో ఇటలీ సన్యాసి బెనెడిక్ట్ రాసిన నియమావళి పశ్చిమ దేశాల మఠాలన్నిటికీ బాటవేసింది. పగలు ఏడు వేళలు, రాత్రి ఒకటి, వారంలో నూటయాభై కీర్తనలూ పూర్తి. గంట మోగితే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలి రావాలి. ప్రార్థన కంటే ముందు దేన్నీ పెట్టకూడదన్నది ఆయన కచ్చితమైన మాట. అంత కచ్చితమైన మనిషి కూడా రెండు వెసులుబాట్లు ఇచ్చాడు. సంఘంగా చేసే ప్రార్థన క్లుప్తంగా ఉండాలన్నాడు. దూరాన పొలంలో ఉన్నవాళ్లు, ప్రయాణంలో ఉన్నవాళ్లు గుడికి పరుగెత్తుకు రానక్కర్లేదు, వేళ అయినప్పుడు ఉన్నచోటనే మోకరించాలన్నాడు. వేళ తప్పకూడదు, చోటు తప్పినా ఫర్వాలేదు. బజారులో దుకాణం వెనక చాప పరిచి నమాజు చేసే మనిషిది కూడా ఇదే పద్ధతి.

ఈ పోలిక నా కల్పన అనుకునేవాళ్ల కోసం అసీసీ ఫ్రాన్సిస్ సంగతి చెప్పాలి. క్రూసేడు యుద్ధాలు సాగుతుండగా, 1219లో, ఈయన ఈజిప్టులోని డమియెట్టా దగ్గర శత్రుశిబిరంలోకి నడిచి వెళ్లి సుల్తాన్ అల్ కామిల్‌ను కలిశాడు. ప్రాణాలతో తిరిగొచ్చాడు. ఆ తర్వాత రాసిన ఉత్తరాల్లో కొత్త సంగతి ఒకటి కనపడుతుంది. సాయంత్రం పూట ఊళ్లో చాటింపు వేయించో మరో గుర్తుతోనో జనాన్నంతా దైవస్తుతికి పిలవాలని పాలకులను అడుగుతాడు. గంటలు మోగించాలని తన సంఘం పెద్దలకూ రాస్తాడు. అక్కడ విన్న అజాన్ ప్రభావమే ఇదని చరిత్రకారుల్లో చాలామంది అభిప్రాయం. నాకూ అదే సరైనదనిపిస్తుంది. ప్రార్థన నాలుగు గోడల మధ్య మఠవాసుల సొత్తుగా మిగలకూడదు, వీధికి వినపడాలి అన్న ఆలోచన ఒక కతోలిక సన్యాసి ముస్లింల నుంచి తెచ్చుకున్నాడు. హైదరాబాదు మఠాలు ఈ కథను తమ నవశిష్యులకు చెప్పాలి.

పదహారో శతాబ్దంలో ఇద్దరు స్పెయిన్ వాళ్లు ఈ ప్రశ్నను రెండు దిక్కులకు లాగారు. అవిలా తెరేసా 1562లో తన సంస్కరణ మఠాన్ని తెరిచి రోజుకు రెండు గంటల మౌనధ్యానం పెట్టింది, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అంతే శ్రద్ధగా కలిసి కూర్చుని నవ్వుకునే సమయం కూడా పెట్టింది. ఈ రెండోదాన్ని చాలామంది మర్చిపోతారు. ఇగ్నేషియస్ లొయోలా ఎదురు దారి పట్టాడు. ఆయన పెట్టి, 1540లో పోపు ఆమోదం పొందిన యేసు సభలో కలిసి పాడే వేళల ప్రార్థన అసలు లేదు. పిలుపు వచ్చిన చోటికి వెంటనే వెళ్లాల్సినవాళ్లకు ఆ కట్టుబాటు కాళ్లకు అడ్డమని ఆయన వాదన. పోపు నాలుగో పౌలుకు ఇది నచ్చక 1558లో బలవంతంగా పెట్టించాడు. ఆయన మరుసటి ఏడాది పోగానే అదీ పోయింది. లొయోలా అకాడమీ మీదుగా, ఆంధ్ర లొయోలా కాలేజీ మీదుగా యేసు సభ గురువులు మన తెలుగువాళ్లకు బాగా తెలుసు. వాళ్లు గుంపుగా పాడుతూ కనపడకపోవడానికి కారణం బద్ధకం కాదు.

అసలు చిక్కు 1633లో వచ్చింది. ఆ ఏడాది పారిస్‌లో విన్సెంట్ ద పాల్, లూయిస్ ద మరియాక్ కలిసి స్త్రీలతో ఒక సేవాసంఘం పెట్టారు. అప్పటిదాకా మఠకన్య అంటే గోడ దాటనిది. వీళ్లు వీధుల్లో రోగుల ఇళ్లకు వెళ్లేవాళ్లు. ప్రార్థన మధ్యలో ఒక బీదవాడు తలుపు తడితే ఏం చేయాలని అడిగితే, లేచి వెళ్లమన్నాడు విన్సెంట్. అది దేవుణ్ని వదలడం కాదు, దేవుణ్ని ఒకచోట వదిలి మరోచోట కలవడం అని ఆయన బోధ.

లక్క గాజుల కార్ఖానాలో కూర్చుంటే ఆ బోధ తేలిగ్గా అర్థమవుతుంది. బొగ్గుల కుంపటి మీద లక్క ముద్దను మెత్తబరిచి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా చుట్టి అతుకుతారు. వేడి ఆరకముందే కొలత సరిచేయాలి, రాళ్లు ఒక్కొక్కటిగా అద్దాలి. మధ్యలో లేస్తే గాజు పోయినట్టే. అజాన్ వినపడినా చేతిలో ఉన్న జత ముగించాకే లేస్తారు. అయితే ముగించాక లేస్తారు. ఇంకో ముద్ద కుంపటి మీద పెట్టరు. విన్సెంట్ మాటను తర్వాతివాళ్లు వాడుకున్న తీరులో తేడా అక్కడే వచ్చింది. తలుపు తట్టిన బీదవాడి కోసం ఇచ్చిన మినహాయింపు ఫీజుల రిజిస్టరుకు, భవనం కాంట్రాక్టరుకు, జిల్లా విద్యాధికారి తనిఖీకి కూడా వర్తించడం మొదలైంది. సేవే ప్రార్థన అన్న మాట మఠాల్లో ఇంత చెలామణీ కావడానికి సగం కారణం భక్తి. మిగతా సగం అలసట.

ఈ సేవాసంఘాలకు రోము పూర్తి గుర్తింపు ఇచ్చింది 1900లో. మన దగ్గరికి మిషనరీల రాక అంతకు చాలా ముందే మొదలైంది. ఇప్పటి ఫ్రాన్సులోని అనెసీ నుంచి సెయింట్ జోసెఫ్ సిస్టర్లు 1849లో యానాంలో దిగారు. మిలాను నుంచి వచ్చిన మిషనరీ గురువులు 1855 నుంచి నిజాం రాజ్యంలో పనిచేశారు. టురిన్ నగరపు సెయింట్ ఆన్ సిస్టర్లు 1871లో సికింద్రాబాదు చేరారు. హాలెండు నుంచి జె.ఎం.జె. సిస్టర్లు 1904లో గుంటూరు వచ్చారు. హైదరాబాదు 1886లో మేత్రాసనం, 1953లో అగ్రపీఠం అయింది. వచ్చినవాళ్లంతా మఠంతోపాటే బడో ఆసుపత్రో పెట్టారు. ఆడపిల్లకు చదువు చెప్పే దిక్కు లేని రోజుల్లో, కాన్పుకు డాక్టరమ్మ దొరకని ఊళ్లలో, అది చేయవలసిన పనే. వాళ్ల దగ్గర చదువుకున్న మన అమ్మమ్మలు, అమ్మలు ఎందరో. ఆ మేలు తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు.

కానీ మఠం బడిని పెట్టింది, తర్వాత బడి మఠాన్ని నడిపింది. సంఘంలో ఎవరు ఎక్కడ ఉండాలన్నది స్టాఫ్ అవసరాన్ని బట్టి తేలుతుంది. ఒకరు బీఈడీ, ఒకరు నర్సింగు, ఒకరు అకౌంట్స్. బదిలీ ఉత్తర్వు వస్తే పెట్టె సర్దుకోవాలి. ఇలా కూర్చిన నలుగురైదుగురు ఆడవాళ్లను ఒక సంఘం చేయగలిగింది ప్రార్థన ఒక్కటే, దానికే టైము కుదరదు. 1965లో రెండో వాటికన్ మహాసభ మఠ జీవితంపై ఇచ్చిన తీర్మానం సంఘాలన్నీ తమ స్థాపకుల మూల స్ఫూర్తికి తిరిగి వెళ్లాలంది. వెళ్లారు, నియమాలు తిరగరాసుకున్నారు, ప్రార్థన వేళల్ని పని వేళలకు అనుగుణంగా సడలించుకున్నారు. 1994లో రోము సోదర జీవితం గురించి మరో పత్రం ఇచ్చేనాటికి కలిసి ప్రార్థించే సమయమే కుంచించుకుపోతోందన్న బెంగ మొదలైపోయింది.

ఈ బెంగకు ఎదురు నిలిచిన ఉదాహరణ కలకత్తాలో ఉంది. మదర్ తెరేసా సంఘంలో పని ఎంత ఎక్కువో చెప్పనక్కర్లేదు. 1973లో వాళ్లు రోజూ ఒక గంట సత్‌ప్రసాద ఆరాధన అదనంగా చేర్చుకున్నారు. రోగులు తగ్గి కాదు. ఆ గంట చేర్చాక తమ పని కుంటుపడలేదని, పెరిగిందని మదర్ చెప్పేది. ఊటీలో 1877లో పుట్టిన ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ సంఘానికి కూడా మొదటినుంచీ రోజువారీ ఆరాధనే ఆయువుపట్టు. కనుక టైము లేకపోవడం అన్నది పూర్తి జవాబు కాదు. ఏది ముందు, ఏది వెనక అన్న నిర్ణయం ఎవరో ఒకరు ఎప్పుడో తీసుకున్నారు.

ఇక భాష. వాటికన్ మహాసభ పుణ్యమా అని లతీను పోయి దేశభాషలు వచ్చాయి. గుళ్లలో పూజ తెలుగులో జరుగుతుంది, జనం గొంతెత్తి పాడతారు. సికింద్రాబాదు అమృతవాణి కేంద్రం తెచ్చిన పాటలు పల్లెలకూ చేరాయి. హైదరాబాదు కాన్వెంటుల లోపల మాత్రం చాలాచోట్ల ఉదయ ప్రార్థన ఇంగ్లీషులో. కారణం చెబుతారు: ఒకరిది కేరళ, ఒకరిది జార్ఖండ్, ఒకరిది తమిళనాడు, అందరికీ వచ్చింది ఇంగ్లీషే. కారణం అబద్ధం కాదు. కానీ ఫిరంగిపురం పక్క పల్లె నుంచో, ఖమ్మం తండా నుంచో వచ్చిన అమ్మాయి అమ్మ ఒళ్లో నేర్చిన ప్రార్థనను అటకెక్కించి, క్లాసు పాఠంలా ఇంగ్లీషు కీర్తన చదవాల్సి వస్తోంది. దుఃఖం వచ్చినప్పుడు ఆమె నోట ఆ భాష రాదు. కేరళ నుంచి వచ్చినావిడ బజారులో తెలుగు గడగడా మాట్లాడుతుంది, టమాటాలకు బేరమాడుతుంది, మందిరంలోకి వచ్చేసరికి ఇంగ్లీషు పుస్తకం తీస్తుంది. లాడ్ బజార్‌లో ఉర్దూ, తెలుగు, హిందీ కలగలిపి ఎవరికి తోచినట్టు వాళ్లు మాట్లాడుకుని కోట్ల వ్యాపారం చేస్తున్నారు. ఐదుగురు సన్యాసినులు కలిసి తెలుగులో ఒక కీర్తన చదవలేరంటే నమ్మడం కష్టం.

దీనికి తోడు ఇక్కడ ఒక రీతి కాదు, రెండు. 1999లో ఆదిలాబాదు, 2017లో శంషాబాదు సీరో మలబారు రీతి మేత్రాసనాలు వచ్చాయి. వాళ్ల వేళల ప్రార్థన సిరియా సంప్రదాయానిది, లతీను రీతికి వేరు. ఒకే కాలనీలో రెండు మఠాలుంటే రెండు పుస్తకాలు, రెండు పండుగల వరసలు. పండితులకు ఇదొక సంపద. నగరంలో ఇరుగుపొరుగు మఠాలు నెలకోసారైనా కలిసి ప్రార్థించాలనుకుంటే మాత్రం తలనొప్పి.

దేశీయ పద్ధతుల్లో ప్రార్థించే ప్రయత్నాలు జరగకపోలేదు. పద్దెనిమిదో శతాబ్దంలోనే కర్ణాటక మిషన్ యేసు సభ గురువులు కాషాయం కట్టి, మాంసం మాని, రాయలసీమలో తెలుగు సన్యాసుల్లా తిరిగారు. 1950లో కావేరి ఒడ్డున మోంషానె, ల సో అనే ఇద్దరు ఫ్రెంచి గురువులు శాంతివనం ఆశ్రమం పెట్టారు. 1969లో రోము పన్నెండు భారతీయ పద్ధతులకు అనుమతి ఇచ్చింది: నేలమీద కూర్చోవడం, చేతులు జోడించడం, హారతి, ఇలాంటివి. మన మఠాల మందిరాల్లో చెప్పులు విడిచి చాప మీద కూర్చునే అలవాటు వెనక ఆ అనుమతి ఉంది. అంతకు మించి ఎక్కువగా సాగలేదు. బ్రాహ్మణ సన్యాసి వేషాన్ని, సంస్కృత మంత్రాన్ని భారతీయత అనుకోవడం వల్ల దళిత కతోలికులకు అందులో తమ ముఖం కనపడలేదు. ఆ అభ్యంతరం న్యాయమైనది. ఎక్కువమంది దళితులే ఉన్న తెలుగు కతోలిక సంఘంలో ప్రార్థన పల్లె నుంచి రావాలి. విజయవాడ గుణదలకు కాలినడకన వచ్చే యాత్రికుల పాటలో, 1924లో ఫాదర్ అర్లాటి కొండ మీద మాత స్వరూపాన్ని నిలిపింది మొదలు పెరుగుతూ వచ్చిన ఆ జనభక్తిలో, మఠాలు నేర్చుకోదగ్గది చాలా ఉంది. చదువుకున్న సన్యాసినులు దాన్ని కాస్త చిన్నచూపు చూస్తారు.

కులం ప్రస్తావన వచ్చింది కనుక దాటవేయకూడదు. మందిరంలో ఎదురెదురు పక్షాలుగా కూర్చుని ఒకే కీర్తన చదివినవాళ్లు పదవుల పంపకంలో, నవశిష్యుల ఎంపికలో కులం చూస్తారన్న ఆరోపణ తెలుగు మఠాల్లో పాతదే. భారత మేత్రాణుల సమాఖ్య 2016 డిసెంబరులో వెలువరించిన దళిత విధాన పత్రం శ్రీసభలో వివక్ష ఉందని ఒప్పుకుంది. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ తొలి దళిత కార్డినల్, తొలి తెలుగు కార్డినల్ అయ్యారు. గర్వించదగ్గదే. మఠాల సంగతికి వస్తే, ప్రార్థన సమానత్వాన్ని రోజూ నోటితో పలికిస్తుంది, చేతితో చేయించలేదు. ఇది ప్రార్థన లోపమని కొందరంటారు. నేనలా అనను. రోజుకు నాలుగుసార్లు అబద్ధం బయటపడే చోటు ఒకటి ఉండటం మంచిదే. అది కూడా లేని సంస్థలు మనకు చాలానే ఉన్నాయి.

ప్రార్థన ఎక్కువైతే మఠం బాగుపడుతుందన్న అమాయకత్వం కూడా నాకు లేదు. హాజరుపట్టీగా మారిన ప్రార్థన ఎంత చేదో లోపలివాళ్లకే తెలుసు. మదర్ సుపీరియర్ కళ్లు ఎవరి కుర్చీ ఖాళీగా ఉందో వెతుకుతుంటే కీర్తన మీద మనసు నిలవదు. 2020లో కోవిడు వచ్చి బడులు మూతపడ్డప్పుడు మఠాలకు నెలల తరబడి తీరిక దొరికింది. కొన్ని చోట్ల సంఘాలు ఆ తీరికలో దగ్గరయ్యాయి. కొన్ని చోట్ల రోజంతా ఎదురెదురుగా ఉండాల్సి వచ్చేసరికి, ఇన్నాళ్లూ బడి పని తమను ఒకరి నుంచి ఒకరిని కాపాడుతూ వచ్చిందని తెలిసొచ్చింది. ఇప్పుడు ప్రార్థన పుస్తకం ఫోనులోకి వచ్చింది. కీర్తన చదువుతుండగానే పైన వాట్సాప్ మెసేజి మెరుస్తుంది. అవిలా తెరేసా అయితే ఆ ఫోను గుమ్మం బయట పెట్టించేది.

ఇంతా చూశాక నాకు తోచేది ఇది. కొత్తగా వ్రతాలు పట్టే అమ్మాయిలు తగ్గుతున్నారు. ఉన్న నలుగురితో ఐదు సంస్థలు నడపడం ఇక కుదరదు. మఠాలు ఎటూ కొన్ని బడులు వదులుకోక తప్పదు. పెద్ద ఫీజుల నగర బడుల్ని మామూలు మేనేజర్లు కూడా నడపగలరు, చాలామంది నడుపుతున్నారు కూడా. కలిసి ప్రార్థించే సంఘాన్ని మాత్రం మఠం తప్ప మరొకరు నడపలేరు. కనుక కోత పెట్టాల్సి వస్తే బడి గంటకు పెట్టాలి. ప్రార్థన వేళలు ఇంకా పెంచమని నేననను. బెనెడిక్ట్ కూడా క్లుప్తంగానే ఉండమన్నాడు. ఉన్నవి కదలకుండా ఉంటే చాలు.

మఠాల పెద్దలకు ఒక విన్నపం. రోజూ సాయంకాల ప్రార్థన ఒక్కటైనా తెలుగులో పెట్టండి. ఆ అరగంట వీధి గేటు తీసి ఉంచండి, గంట వీధిలోకి వినపడేలా కొట్టండి. పనమ్మ వస్తుంది, వాచ్‌మన్ వస్తాడు, పక్కింటి ముసలమ్మ వస్తుంది. రానివాళ్లకు కూడా, ఇది బడి మాత్రమే కాదని తెలుస్తుంది. దీనికి రోము అనుమతి అక్కర్లేదు, బడ్జెటు అక్కర్లేదు. వచ్చే విద్యాసంవత్సరం దాకా ఆగాల్సిన పనీ లేదు.